కష్టం ఎవరి పేర రాయాలి

తాళం కొనడానికి వచ్చిన మనిషి దేనికి భయపడుతున్నాడో అతను నోరు తెరవకముందే తాళాలమ్మకు తెలిసిపోతుంది. చిన్న పెట్టెకు పెద్ద తాళం అడిగేవాడికి ఇంట్లోవాళ్ళంటే భయం. పెద్ద గేటుకు చవక తాళం అడిగేవాడికి అసలు భయమే లేదు, ఎవరో పోరితే వచ్చాడు. అలాంటివాడికి తాళంతోపాటు కాస్త భయాన్ని కూడా అమ్మాలి. ఈ విద్యలో ఆమె అంచనా తప్పడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు.

ఆ సోమవారం పొద్దున మెడలో గుర్తింపు కార్డు, భుజాన సంచీతో గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. గోడకు వరసగా వేలాడుతున్న తాళాలను ఆ అమ్మాయి కన్నెత్తి చూడలేదు. తాళాలమ్మ మొహాన్నే చూస్తోంది. ముక్కు, చెవి, గడ్డం, ఒక్కొక్కటీ విడివిడిగా.

"మీకు కవల చెల్లెలు ఉన్నారు కదమ్మా? సిటీ బస్సు నడుపుతారు," అంది చివరికి. "పొద్దున నేను ఆవిడ నడిపే బస్సు దిగి ఇటు తిరిగేసరికి ఆవిడే ఇక్కడ కూర్చుని ఉన్నారు. ఒక్క క్షణం బస్సు ఎవరికి అప్పజెప్పి వచ్చారా అనుకున్నా."

మూలన తాళంచెవులు కోసే యంత్రం ముందు కూర్చున్న భర్త కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు. "నాకు పెళ్ళిచూపుల్లోనూ అదే అనుమానం వచ్చింది తల్లీ. ఇప్పటికీ తీరలేదు," అన్నాడు.

అమ్మాయి నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుంది. విశ్వవిద్యాలయంలో కవలల మీద పరిశోధన చేస్తున్నామని చెప్పింది. "ఒకే పోలిక, ఒకే రక్తం. పుట్టుకతో వచ్చేవన్నీ మీ ఇద్దరికీ సమానం. అలాంటి ఇద్దరిలో చిన్నప్పుడు ఒకరికి కష్టం ఎక్కువ, ఇంకొకరికి తక్కువ అయిందనుకోండి. పెద్దయ్యాక ఇద్దరి ఒంట్లోనో మనసులోనో తేడా కనిపిస్తే, అది పుట్టుకతో వచ్చింది కాదు, ఆ కష్టం వల్ల వచ్చిందేమో అని చూడొచ్చు. ఎవరో ఇద్దర్ని పక్కపక్కన పెడితే ఏది దేనివల్లో తేలదమ్మా."

ఆ మాట తాళాలమ్మకు చప్పున తలకెక్కింది. పళ్ళేలు రెండూ సమంగా ఉంటేనే కదా సరుకు బరువు తెలిసేది. చదువుకున్నవాళ్ళు ఇన్నాళ్ళకు పనికొచ్చే ఆలోచన ఒకటి చేశారనుకుంది.

"కష్టం ఎవరిదో నేను చెప్తా, రాసుకో. మా చెల్లిది," అంది.

"ఇప్పుడే కాదమ్మా. దానికో పద్ధతి ఉంది. ఇద్దర్నీ విడివిడిగా అడగాలి."

"ఎలా అడిగినా అదే. మాకు నాలుగేళ్ళప్పుడు అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఇద్దర్ని సాకడం నాన్న వల్ల కాలేదు. మా మేనత్త వచ్చి ఒకర్ని నేను తీసుకుపోతానంది. చెల్లి ఏది పెడితే అది తింటుందని దాన్ని తీసుకుపోయింది. అమ్మ పోయాక గానీ అది ఇల్లు చేరలేదు. అత్త నోరు విప్పితే నాలుగిళ్ళ అవతలికి వినపడేది. ఒకసారి నాన్న నన్నక్కడికి తీసుకెళ్తే, చెల్లి వాకిట్లో తనకంటే పెద్ద గిన్నె ముందు కూర్చుని మసి తోముతోంది. మోచేతుల దాకా నలుపే. నన్ను చూసి కనీసం లేవను కూడా లేదు."

"ఆ గిన్నె కథ నాకు పెళ్ళైన మర్నాడే చెప్పింది," అన్నాడు భర్త. "అప్పట్నుంచీ ఏడాదికోసారి ఆ గిన్నె పెరుగుతూనే ఉంది."

"మీరు తాళంచెవి కొయ్యండి."

అతను యంత్రం తిప్పాడు. వినడం ఇష్టం లేనప్పుడల్లా అతనికి కోయాల్సిన తాళంచెవి ఒకటి దొరుకుతుంది. ఆ రొదలోనే తాళాలమ్మ అమ్మాయి వైపు వంగి, అసలు విషయానికి వచ్చింది. "ఇదంతా అయ్యాక, ఫలానా ఆవిడకి కష్టం ఎక్కువ జరిగింది, ఆవిణ్ణి సుఖపెట్టాలి అని మీరు నోటితో చెప్తారా?"

"అలా ఒక్కో మనిషి గురించి చెప్పమమ్మా. చాలా జంటల్ని కలిపి చూస్తాం."

"సరేలే. పరీక్షల్లో తేడా వస్తే మేమిద్దరం చూస్తాంగా. మిగతాది నేను చెప్పుకుంటా."

ఆమె చెప్పుకోవాల్సింది ఒక గది గురించి. ఈ నెలతో చెల్లి ఉద్యోగం అయిపోతోంది. ఆదివారానికల్లా డిపో వాళ్ళిచ్చిన క్వార్టర్ ఖాళీ చేయాలి. దుకాణం పైన రెండు గదులున్నాయి. ముందు గదికి వీధి వైపు రెండు కిటికీలు, ధారాళంగా గాలి, పొద్దుటి ఎండ. వెనక గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. మొగుడూ పెళ్ళాలు ఇన్నేళ్ళూ ముందు గదిలోనే ఉన్నారు. ఇప్పుడు అది చెల్లికిచ్చి తాము వెనక్కి పోవాలని తాళాలమ్మ తీర్మానించింది. చెల్లి ఒప్పుకోలేదు. వెనక గది ఇస్తే వస్తాను, ముందు గది అంటే రాను, డిపో పక్కన ఒంటి గది ఒకటి చూసిపెట్టుకున్నాను అంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మాట మీద నిలబడే మనుషులే. ఆదివారం దగ్గరపడుతోంది.

సాయంత్రం డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే చెల్లి దుకాణానికి వచ్చింది. వస్తూ మూల మీది బేకరీలో కేకు ముక్కలు కట్టించుకొచ్చింది. పరిశోధన మాట చెవిన పడగానే, "వెళ్దాం అక్కా. తప్పకుండా వెళ్దాం," అంది. ఏ పరీక్షకీ ఒక పట్టాన కదలని మనిషి, కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా డిపో మేనేజరు బెదిరిస్తే గానీ వెళ్ళని మనిషి అంత తొందరగా ఒప్పుకుంటుందని తాళాలమ్మ అనుకోలేదు. బేరం ఇంత సులువుగా కుదిరితే సరుకులో ఏదో ఉందని ఆమెకు తెలుసు. కానీ చెల్లి విషయంలో ఆమె ఎప్పుడూ వ్యాపారపు చూపు చూడలేదు.

కేకు ముక్కలు అయిపోవచ్చాయి. పళ్ళెంలో ఒకటి మిగిలింది.

"తీసుకోవే."

"నాకొద్దక్కా, నువ్వు తీసుకో."

"నేను తిన్నాను, నువ్వు పొద్దున్నించీ స్టీరింగ్ తిప్పి వచ్చావు."

"నువ్వు పొద్దున్నించీ నిలబడి ఉన్నావు."

వాళ్ళిద్దరి మధ్య పెట్టిన ఏ పళ్ళెంలోనైనా చివరి ముక్క ఎండిపోవాల్సిందే. భర్త కాసేపు మర్యాద కోసం ఆగి, చెయ్యి చాచి, దాన్ని నోట్లో వేసుకున్నాడు. ఆ ఇంట్లో అతనికి ఒళ్ళొచ్చింది అలాగే.

*

బుధవారం ఇద్దరూ పరిశోధన కేంద్రానికి వెళ్ళారు. తెల్లగోడల పొడుగాటి హాలు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో కొలత. తాళాలమ్మ భర్త ఆ అమ్మాయికి అప్పటికే కొలతలమ్మాయి అని పేరు పెట్టేశాడు. ఆ పేరు ఆమెకు తగినట్టే ఉంది. ఎత్తు చూసింది, నడుము చూసింది, చెవి నుంచి గడ్డం దాకా టేపు పెట్టింది. గాజు గొట్టంలో ఉమ్మి నింపమంది. చెల్లి గొట్టం టక్కున నింపేసింది. తాళాలమ్మ నోరు ఎండిపోయి అవస్థ పడుతుంటే, "కొనుక్కోనివాడు అరగంట బేరమాడి వెళ్ళాడనుకో అక్కా, ఊరిపోతుంది," అంది చెల్లి. అలా అనుకోగానే నిజంగానే ఊరింది.

ఒంటికాలి మీద నిలబడమన్నారు. చెల్లి కొంగలా నిలబడి, చాలిక అని వాళ్ళు చెప్పినా దించలేదు. తాళాలమ్మ మధ్యలోనే బల్ల పట్టుకుంది. పిడికిలి బలం చూసే పరికరం నొక్కమన్నారు. చెల్లి నొక్కితే ముల్లు గిర్రున తిరిగింది. తాళాలమ్మ పళ్ళు బిగించి నొక్కినా ముల్లు అంతదూరం పోలేదు. రక్తపోటు చూసేటప్పుడు కొలతలమ్మాయి చెల్లి పట్టీ వెంటనే తీసేసి, తాళాలమ్మది మాత్రం రెండోసారి బిగించింది.

"ఎక్కువుందా?"

"కాస్త ఉందమ్మా. మీ డాక్టరుకి చూపించుకోండి."

"దానిది?"

"ఆవిడ అంకె ఆవిడకే చెప్తాను."

"పాతికేళ్ళ పిల్లకున్నట్టు ఉందట," అంది చెల్లి అవతలి కుర్చీలోంచి, మొహం చిన్నబుచ్చుకుని. మంచి మాట విని మొహం చిన్నబుచ్చుకునే మనిషిని తాళాలమ్మ మొదటిసారి చూసింది.

ఆమె మనసు మాత్రం కుదుటపడలేదు. ఏ కొట్టు మునిగిందని ఇన్నాళ్ళూ జాలిపడుతూ వచ్చిందో, ఆ కొట్టే కళకళలాడుతోంది. లాభాల్లో ఉందనుకున్న తన కొట్టుకు గోడ పగిలింది. బస్సు నడిపిన చేతులు కాబట్టి బలం ఉంటుంది, అది లెక్కలోకి రాదని సర్దిచెప్పుకుంది. ఒంటికాలు? అదీ బస్సే. క్లచ్ తొక్కీ తొక్కీ వచ్చిన బలం. రక్తపోటుకు మాత్రం సాకు దొరకలేదు. అసలు నష్టం పైకి కనపడదు, మనసులో దాగి ఉంటుంది, ప్రశ్నలడిగినప్పుడు బయటపడుతుంది అనుకుని చిన్న గదిలోకి వెళ్ళి కూర్చుంది.

కొలతలమ్మాయి కలం తీసింది. "చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు మిమ్మల్ని కేకలేసేవారా? ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా..."

"నన్నెవరూ ఏమీ అనలేదు. చెల్లికైతే తరచుగా అని రాయి. దానికంటే పై మాట ఏదైనా ఉంటే అది రాయి."

"చెల్లెలి గురించి తర్వాత వేరే అడుగుతానమ్మా. ముందు మీ గురించి. చిన్న వయసులోనే ఇంటి పనులు మీద పడ్డాయా?"

"పడ్డమేంటి? స్టవ్ అందక స్టూలెక్కి జావ కాచేదాన్ని. అమ్మ మంచంలోంచి చెప్తుంటే నేను కలపడం. ఒకసారి ఉప్పనుకుని సోడా పొడి వేశాను. అమ్మ అది తాగి, బావుందే, మళ్ళీ ఎప్పుడూ చెయ్యకు అంది." తాళాలమ్మ నవ్వింది.

"అప్పటికి మీకు?"

"ఆరు, ఏడు."

కొలతలమ్మాయి అది రాసుకుంది. "ఆడుకోవడానికి తోడు?"

"ఇంట్లో రోగి ఉంటే పక్కపిల్లల్ని రానిస్తారా? నాకు అమ్మ ఉందిగా. అమ్మ మొత్తం నాకే ఉంది. అందులో సగం చెల్లిది, అది నేనే తినేశాను. మీ కాగితంలో దానికేమైనా గడి ఉందా?"

"లేదమ్మా," అంది కొలతలమ్మాయి మెల్లిగా. "కానీ మీరన్నది అన్నట్టే రాస్తాను."

తర్వాత చెల్లి లోపలికి వెళ్ళింది. తాళాలమ్మ బయట బెంచీ మీద కూర్చుని తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. లోపల ఏడుపు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గింది. వినిపించింది చెల్లి నవ్వు. పాపం, దాచుకుంటోంది అనుకుంది.

*

శుక్రవారం చివరి పరీక్ష. ఈసారి కొలతలు లేవు. ఎదురెదురుగా రెండు కుర్చీలు, మూలన ముక్కాలి పీట మీద కెమెరా. "మీ ఇద్దరికీ పడని విషయం ఒకటి తీసుకుని, దాని మీద మాట్లాడుకోండి," అంది కొలతలమ్మాయి. "నేను బయట ఉంటాను. టైమైపోగానే వస్తా. మామూలుగా ఇంట్లో ఎలా పోట్లాడుకుంటారో అలాగే."

"మేం పోట్లాడుకోమమ్మాయ్."

"ఎప్పుడూనా?"

"ఒక్కసారి కూడా," అన్నారు ఇద్దరూ. అందులో గర్వం ఉంది.

కొలతలమ్మాయి ఏదో అనబోయి, పెదవి బిగబట్టి, తలుపు దగ్గరకు వేసి వెళ్ళింది. అక్కాచెల్లెళ్ళు కెమెరా వైపు ఒకసారి చూసి, చీర కొంగు ఒకరు, చొక్కా కాలరు ఒకరు సర్దుకున్నారు.

"గది సంగతి మాట్లాడదాం," అంది తాళాలమ్మ. "మనకి పడనిది అదొక్కటే."

"మాట్లాడటానికేముంది? ముందు గది నీది."

"కాదు, నీది. ఆదివారం నీ మంచం ముందు గదిలోనే వేయిస్తాను."

"వేయించు. నేను దాని మీద పడుకోను."

"ఎందుకే అంత పంతం? గాలీ వెలుతురూ ఉన్న గదిలో ఉండవే అంటే చేదా?"

"నీకు చేదా?" చెల్లి కుర్చీ ముందుకు లాక్కుంది. "చీకటి గదిలో నువ్వున్నది చాలక్కా. ముసలితనంలో కూడా వెలుతురు రాని గదిలోకి నిన్ను తోసి నేను ఎండ కాగనా? నాకు నిద్ర పడుతుందా?"

"చీకటి గదేంటి?"

"అమ్మ గది. తలుపులన్నీ మూసేసి, మందుల వాసన. ఒకసారి అత్త నన్ను తీసుకొచ్చింది, గుర్తుందా? గుమ్మంలోంచి చూశాను. నువ్వు మంచం పక్కన పీట మీద కూర్చుని దుప్పటి మీద గుండీలు పేరుస్తున్నావు. మాట లేదు, పలుకు లేదు. ముసలమ్మలా కూర్చున్నావు. నాకు ఏడుపొచ్చి అత్త వెనక దాక్కున్నా. ఆ రోజు నుంచీ ఏ మంచి వస్తువు చూసినా ముందు అక్కకి అనే అనిపిస్తుంది."

తాళాలమ్మకు ముందు అర్థం కాలేదు. తర్వాత మెల్లిగా నవ్వు మొదలైంది, దాన్ని ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అది దుకాణమే పిచ్చిదానా."

"ఏది?"

"ఆ దుప్పటి. గుండీలు సరుకు. నేను కొట్టుదాన్ని, అమ్మ కొనడానికొచ్చేది. ఎర్ర గుండీ ఎంతమ్మా అనేది. నేను చెప్తే, పక్క కొట్లో ఇంకా తక్కువకిస్తున్నారు అనేది. పక్క కొట్టు తలగడ. ఆయాసపడుతూనే బేరం. నేను అటు తిరిగితే ఒక గుండీ దుప్పటి కింద దాచేసేది, అమ్మ అంత దొంగది. నాకీ వ్యాపారం ఎవరు నేర్పారనుకున్నావు?"

"మరి మాట లేదు, నవ్వు లేదు..."

"నవ్వితే దగ్గు తెర వస్తుందని డాక్టరు నవ్వొద్దన్నాడు. నాన్నకి వినపడితే ఇద్దరికీ చీవాట్లు. అందుకని చప్పుడు రాకుండా నవ్వేవాళ్ళం. ఎవరైనా వస్తే మొహాలు మాడ్చుకుని కూర్చునేవాళ్ళం. నువ్వు చూసింది ఆ మాడు మొహమే."

చెల్లి కుర్చీలో వెనక్కి వాలింది. ఖాకీ చొక్కా గుండీ ఒకటి తిప్పుతూ కూర్చుంది.

"నా సంగతి వదిలెయ్," అంది తాళాలమ్మ. "నీకు జరిగింది చెప్పు. అడిగితే నొచ్చుకుంటావని ఇన్నేళ్ళూ అడగలేదు. ఆ గిన్నె."

"ఏ గిన్నె?"

"వాకిట్లో మసి తోముతున్నావు. మోచేతుల దాకా నలుపు. నేనొస్తే లేవలేదు కూడా. లేస్తే అత్త కొడుతుందనేగా?"

చెల్లి గుర్తు తెచ్చుకోవడానికి పైకప్పు వైపు చూసింది. చూస్తూ చూస్తూ పెద్దగా నవ్వేసింది. "ఆ గిన్నె కోసం నేను చిన్న బావని కొరికాను తెలుసా? ఎవరు తోమితే వాళ్ళకే అది. తోమి, అందులో కూర్చుంటే, మిగతావాళ్ళు ఇంటి వెనక వాలులో దొర్లించేవాళ్ళు. కింద గడ్డివాము దాకా దొర్లుకుంటూ పోవడమే. ఆ రోజు నా వంతు. లేచానంటే ఆ గాడిద ఎక్కి కూర్చుంటాడు. అందుకే లేవలేదు."

"మరి అత్త నోరు?"

"అత్త అందర్నీ తిట్టేది. మామయ్యని ఎక్కువ తిట్టేది. సాయంత్రం అందర్నీ వరసగా పడుకోబెట్టి ఒకే దుప్పటి లాగి కప్పేది, అటు చివర వాడికి చాలకపోతే ఇటు చివర మా కాళ్ళు బయటికి. మామయ్య లారీ కడుగుతుంటే నేనే ఎక్కి స్టీరింగ్ పట్టుకునేదాన్ని. నాకీ పని ఎక్కడ అబ్బిందనుకున్నావు?" నవ్వుతూనే ఆమె గొంతు మారింది. "నేను గిన్నెలో దొర్లుతున్నాను, అక్క చీకట్లో కూర్చుంది అని బాధపడేదాన్ని. ఇంటికొచ్చాక నీకు పరిగెత్తడం కూడా రాలేదక్కా. పక్కవాళ్ళ పిల్లలు పిలిస్తే గుమ్మంలో నిలబడి వాళ్ళ చెప్పులు లెక్కపెట్టావు."

"మంచి చెప్పులు ఎవరివో చూశాను."

ఇద్దరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక చెల్లి అడిగింది. "అమ్మ నవ్వేదా?"

తాళాలమ్మ తలెత్తింది. చెల్లి కళ్ళలో ఇప్పుడు నవ్వు లేదు.

"నాకు అమ్మ దగ్గే గుర్తుంది. నవ్వు తెలీదు. ఎలా ఉండేది?"

తాళాలమ్మ ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు చికిలించింది. భుజాలు రెండూ పైకి లేపి, చప్పుడు లేకుండా కుదిపింది. మధ్యలో ఒక్క వేలు పైకెత్తి, ఆగవే, చంపేస్తున్నావు అన్నట్టు ఊపింది. చెల్లి రెప్ప వేయకుండా చూసింది. తర్వాత తన చెయ్యి నోటికి తెచ్చుకుని, భుజాలు లేపి, అలాగే కుదిపి చూసుకుంది.

"వేలు కొంచెం వంచాలి," అంది తాళాలమ్మ. "ఆ. ఇప్పుడు అమ్మే."

చెల్లి కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. "సాయంత్రమైతే నాకు అమ్మ కావాలనిపించేది. అందరూ పడుకున్నాక మరీనూ."

"సాయంత్రమైతే నేను వీధి వైపు కిటికీ రెక్క కాస్త తీసి చూసేదాన్ని. నువ్వొస్తావేమోనని."

కెమెరా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. తాళాలమ్మ లోపల ఒక త్రాసు ఉండేది. చెల్లి పళ్ళెంలో ఎప్పుడూ లోటే, తనదాంట్లో ఎప్పుడూ మిగులే. ఆ లోటు పూడ్చడానికే పండగ బట్టల్లో మంచి రంగు దానికిచ్చింది, మాటల్లో చివరి మాట దానికిచ్చింది, ఒక్కసారైనా దాన్ని కసురుకోలేదు. ఇప్పుడు చూస్తే అవతల కూర్చున్న మనిషీ అదే పని చేస్తోంది, అచ్చం అదే త్రాసు పట్టుకుని, పళ్ళేలు మాత్రం తారుమారు. ఇంత తప్పుడు తూకం ఆమె జీవితంలో వేయలేదు. సిగ్గుపడాల్సింది పోయి, వేసవిలో దుకాణం షట్టరు ఎత్తగానే లోపలికొచ్చే గాలిలాంటిదేదో ఒంట్లోకి వచ్చింది.

తలుపు తోసుకుని కొలతలమ్మాయి వచ్చింది. "టైమైపోయి చాలాసేపైంది," అంది. "లోపలికి రాబుద్ధి కాలేదు."

"నీకు ముందే తెలుసు," అంది తాళాలమ్మ ఆమె మొహం చూస్తూ.

"బుధవారం నుంచీ తెలుసు. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదమ్మా, మాకు కట్టుబాటు. రెండు రోజులుగా నాలుక కరుచుకుని తిరుగుతున్నా. నా కష్టం కొలిచేవాళ్ళు లేరు."

"మరిప్పుడు కష్టం ఎవరి పేర రాస్తావు?"

"ఇద్దరూ చెప్పింది చెప్పినట్టే ఉంటుంది. తల్లి జబ్బు ఒకరి దగ్గర, తల్లికి దూరమవడం ఒకరి దగ్గర. రెండూ మా దృష్టిలో కష్టాలే, మీరెంత నవ్వుతూ చెప్పినా. మీరు నవ్వారన్నదీ రాశాను."

"గిన్నె కూడా రాశావా?" అంది చెల్లి.

"గిన్నె దొర్లిన సంగతి తలుపు బయట ఇప్పుడే చెవిన పడిందమ్మా. కూర్చోండి, మొదట్నుంచీ చెప్పండి," అని కొలతలమ్మాయి కలం తీసి, తనూ ఒక కుర్చీ లాక్కుంది.

*

ఆదివారం పొద్దున చెల్లి సామాను వ్యానులో వచ్చింది. ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె, పూసల సీటు కవరు, ఎండిపోయిన పూలకుండీ. కూలీలిద్దరు మంచం భుజానికెత్తుకుని మెట్లెక్కి, మలుపు దగ్గర ఆగారు.

"ఎక్కడమ్మా? ముందు గదా, వెనక గదా?"

ముందు గది అనడానికి పై మెట్ల మీద నిలబడ్డ తాళాలమ్మ నోరు తెరిచింది. అలవాటైన మాట, దానంతటదే వచ్చేస్తుంది. కానీ పైన తెరిచి ఉన్న తలుపులోంచి ముందు గది కనిపించింది. కిటికీ పక్కన తను రోజూ టీ తాగే చోటు, ఎండ పడి ఉంది. అక్కడ కూర్చుంటే వీధి మొత్తం కనిపిస్తుంది. ఎదుటి తాళాలవాడు షట్టరు ఎప్పుడెత్తాడో, వాడి కొట్లోకి ఎవరు వెళ్ళారో, ఎవరు వట్టి చేతులతో తిరిగొచ్చారో అన్నీ.

"వెనక," అంది.

కూలీలు కదలబోయారు. కింద ట్రంకు పెట్టె పట్టుకున్న చెల్లి అక్కడే దించేసింది. "ఆగండయ్యా. వెనకేంటక్కా? ముందు గది అన్నావుగా?"

"నువ్వు వద్దన్నావుగా. నీ మాట మన్నించాను."

"అప్పుడు వద్దన్నాను. అప్పుడు నువ్వు పాపం అనుకున్నాను. ఇప్పుడు నాకు కావాలి. పొద్దున బస్సుల చప్పుడు వినకపోతే నాకు తెల్లారదు."

"బస్సులు వెనక గదిలోకీ వినిపిస్తాయి. అసలు వెనక గది చూశావా నువ్వు? ఎండాకాలం ఎంత చల్లగా ఉంటుందో తెలుసా? పైగా ప్రశాంతం. గోడ కూడా కొత్తగా సున్నం కొట్టించింది, ఎంత తెల్లగా ఉంటుందనుకున్నావు..."

"నాకు తాళం అమ్మినట్టు అమ్మకు. అది పక్కింటివాళ్ళ గోడ."

"ఎవరిదైతేనేం, మనమే కదా చూసేది."

"నువ్వు మహా దొంగవక్కా."

తాళాలమ్మకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. చెల్లి తనను ఒక్క మాట అనడం ఇదే మొదలు. ఆమె కొంగు నడుముకు దోపుకుంది, పెద్ద బేరానికి ముందు దుకాణంలో చేసినట్టు. "సరే, నీ మాట చెప్పు. ఏమిస్తావు ముందు గదికి?"

"ఆదివారాలు కొట్లో కూర్చుంటాను."

"ఎదుటివాళ్ళ మొహం చూసి హారన్ కొట్టడం తప్ప నీకేమొచ్చు? కొట్లో నువ్వు కూర్చుంటే తాళాలు పోతాయి. ఇంకా పైకి రా."

"నెలలో సగం నీది, సగం నాది."

"అదేం గదా, డ్యూటీయా?"

"అమ్మా," అన్నాడు మెట్ల మీది పెద్ద కూలీ, "భుజం లాగుతోంది."

"దించెయ్ నాయనా. ఇది ఇప్పట్లో తేలదు," అంది చెల్లి.

వాళ్ళు మలుపు దగ్గరే మంచం వేసి, గోడకు చేరగిలబడి బీడీ వెలిగించుకున్నారు. మెట్లు పూర్తిగా మూసుకుపోయాయి. కింద దుకాణంలో ఎవరో తాళం కావాలని పిలుస్తున్నారు. తాళాలమ్మ భర్త పైమెట్టు మీద తలగడ ఒకటి చంకలో పెట్టుకుని నిలబడి, మంచానికి అటొకరు ఇటొకరుగా ఉన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏ గదైనా నాకు సమ్మతమే. ఆ గదిలో నేను కూడా ఉంటానా లేదా అన్నదొక్కటీ మధ్యలో ఎక్కడైనా తేల్చండి," అన్నాడు.

"బావగారూ, మీరుండండి, ఇప్పుడే గాడిలో పడుతోంది," అంది చెల్లి.

ఆమె మంచం ఒక చివర కూర్చుంది. తాళాలమ్మ మెట్లు దిగివచ్చి రెండో చివర కూర్చుంది. మంచం కాస్త కిర్రుమని, ఇద్దరి బరువుకీ సర్దుకుంది.

"సరే, పొద్దుటి పూట కిటికీ దగ్గర కుర్చీ నీది," అంది చెల్లి. "ఇంతకంటే దిగను."

"ఎన్ని గంటల దాకా?" అంది తాళాలమ్మ. ఆమె ఇంకా తన ఆఖరి మాట చెప్పలేదు. చెప్పే తొందరా లేదు.